ఖాళీ మైళ్ల లెక్క

మా అక్క నన్ను గూఢచారిగా పంపింది.

"నెలలో ఇరవై నాలుగు రోజులు ఆ బండిలోనే ఉంటారు. ఎంత మిగిలింది అని అడిగితే బాగానే ఉంది అంటారు. ఆ బాగు ఎంతో నువ్వు వెళ్లి చూసి చెప్పు" అంది. జనవరిలో నా ఉద్యోగం పోయింది కాబట్టి తీరిక లేదని తప్పించుకునే వీలు కూడా లేదు.

బావ డల్లాస్‌లో సొంత ట్రక్కు నడుపుతారు. 2021 నవంబరులో సాఫ్ట్‌వేర్ పని మానేసి, ముందుండి లాగే పాత ట్రాక్టరు (ఇంజను బండి), దాని వెనక తగిలించే 53 అడుగుల ట్రెయిలరు కొన్నారు. ఆ రోజుల్లో కిరాయిలు చుక్కల్లో ఉండేవి. 2022 జనవరి నాటికి అప్పటికప్పుడు కుదుర్చుకునే లోడుకు కూడా మైలుకు సగటున 3 డాలర్లు దాటి పలికాయి. పాత బండ్ల ధరలూ అలాగే మండిపోయాయి. బావ సరిగ్గా ఆ మంటలో కొన్నారు. ఆ ఏడాది జూన్‌కు డీజిలు గ్యాలన్ 5.80 డాలర్లు దాటింది, కిరాయిలు కిందికి జారాయి, 2025 ఏప్రిల్ నాటికి కూడా మళ్లీ పైకి లేవలేదు.

నాన్నకు కూడా లారీ ఉండేది. విజయవాడ ఆటోనగర్‌లో బాడీ కట్టించిన బండి. ఆకివీడు నుంచి హౌరాకు చేపలు తోలేవారు. నేను బావతో బయలుదేరుతున్నానని ఫోనులో చెబితే ఆయన కిరాయి ఎంత అని అడగలేదు. "ఖాళీ ఎంత?" అన్నారు, అంటే సరుకు లేకుండా తిరిగే దూరం ఎంత అని. ఆ ప్రశ్న రాసుకోవడానికే ఒక నోటుపుస్తకం కొన్నాను.

మొదటి రోజు: సోమవారం, 2025 ఏప్రిల్ 14

తెల్లవారక ముందే డల్లాస్ దక్షిణపు అంచున ఉన్న ట్రక్కుల స్థలానికి చేరాం. బండి నిలుపుకున్నందుకు నెలకు 250 డాలర్లు. ఎక్కబోతుంటే బావ ఒక కాగితం తీశారు. డ్రైవరు పక్కన ఎవరైనా కూర్చోవాలంటే రవాణా సంస్థ రాతపూర్వకంగా అనుమతించాలని ఇక్కడి నిబంధన. సంస్థ ఆయనే, డ్రైవరూ ఆయనే, గుమాస్తా కూడా ఆయనే. తనకు తానే అనుమతి రాసుకుని సంతకం పెట్టి, "యాజమాన్యం ఒప్పుకుంది, ఎక్కు" అన్నారు.

లోడు ఫోర్ట్‌వర్త్‌కు ఉత్తరాన అలయన్స్ గోదాముల్లో ఉంది. అక్కడికి 41 మైళ్లు. నోటుపుస్తకంలో మొదటి పద్దు: ఖాళీ 41.

ఈ లోడు ముందు రాత్రి భోజనాల దగ్గర కుదిరింది. ఫోనులో లోడుల పట్టిక తెరిచి ఉంది. డల్లాస్ నుంచి లాస్ ఏంజెలస్ వైపు మైలుకు 1.30, 1.40 అని వరుసగా కనిపిస్తున్నాయి. బ్రోకరు 1,850 డాలర్లు అన్నాడు. బావ 2,300 అడిగారు. చివరికి 2,050 దగ్గర తెగింది. 1,370 మైళ్లకు అది మైలుకు ఒకటిన్నర డాలరు. సరుకు యజమాని దగ్గర ఆ బ్రోకరు ఎంత తీసుకున్నాడో బావకు తెలియదు. లావాదేవీ పత్రాలు చూపించమని అడిగే హక్కు ఫెడరల్ నిబంధనల్లో ఉంది. కానీ ఆ హక్కును వదులుకుంటున్నానని ఒప్పందంలోనే ముందుగా సంతకం చేయించుకోవడం బ్రోకర్లకు అలవాటు.

"ఇంత తక్కువకు ఎందుకు ఒప్పుకున్నారు బావా?"

"అక్కడ ఓడరేవులు ఉన్నాయి. లాస్ ఏంజెలస్, లాంగ్‌బీచ్‌లలో దిగిన సరుకు దేశం లోపలికి రావాలి. అక్కడ బండికి గిరాకీ. అందుకే అందరూ అక్కడికి వెళ్లాలనుకుంటారు. ఇక వెళ్లేటప్పుడు ఎవరు ఎక్కువ ఇస్తారు?"

నాన్నది దీనికి తిరగేసిన కథ. ఆకివీడులో బండి దొరక్క చేపల షావుకార్లు పోటీపడేవారు. హౌరాలో దించాక రిటర్న్ లోడు కోసం మూడేసి రోజులు పడిగాపులు.

ట్రక్కు కంపెనీల ఖర్చులు ఏటా లెక్కగట్టే అమెరికన్ ట్రాన్స్‌పోర్టేషన్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్, 2023లో ఒక మైలు నడపడానికి సగటున 2.27 డాలర్లు అయిందని తేల్చింది. నేను ఆ సంఖ్య చదివి వినిపించాను. బావ నవ్వారు. "ఆ లెక్కలో డ్రైవరుకు జీతం ఉంటుంది" అన్నారు. అప్పుడు ఆ మాట పట్టించుకోలేదు.

కాగితపు కప్పులు, పళ్లేలు ఎక్కించడానికి రెండున్నర గంటలు పట్టింది. బరువు 19,000 పౌండ్లే. బండితో కలిపి 80,000 పౌండ్ల వరకు అనుమతి ఉంది కాబట్టి ఇది దూదిపింజె కింద లెక్క. బరువు తక్కువైతే డీజిలు కలిసొస్తుందని సంబరపడ్డాను. విచిటా ఫాల్స్ దాటి 287వ నంబరు రహదారి మీద ఉత్తరానికి తిరిగేసరికి ఎదురుగాలి మొదలైంది. టెక్సాస్ ఉత్తరపు మైదానాల్లో ఏప్రిల్ అంటే గాలే. తేలికైన లోడుతో ఉన్న 53 అడుగుల పెట్టె తెరచాపలా ఊగింది. బావ రెండు చేతులతో స్టీరింగు బిగించి పట్టుకుని, అమరిల్లో చేరేదాకా ఒక్క మాట మాట్లాడలేదు. ఇంకా మూడు గంటలు నడిపే వీలున్నా అక్కడే ఆగిపోయారు.

అక్కడ రెండు ట్యాంకులు నింపారు. ఇందులో ఒక కిటుకు ఉంది. డీజిలు ఏ రాష్ట్రంలో కొన్నా, పన్ను మాత్రం ఏ రాష్ట్రంలో ఎన్ని మైళ్లు తిరిగావో చూసి మూడు నెలలకోసారి సర్దుతారు. టెక్సాస్‌లో పన్ను గ్యాలన్‌కు 20 సెంట్లే కదా అని ఇక్కడే కొనేసి కాలిఫోర్నియాలో తిరిగితే, ఆ తేడా తరువాత కట్టక తప్పదు. కాబట్టి పన్ను తీసేసి మిగిలిన ధరను పోల్చుకోవాలి. పంపు మీద ఉన్న అంకె చూసి కొనేవాడు సగం తెలిసినవాడు అంటారు బావ.

రెండో రోజు: మంగళవారం

అమరిల్లో దాటగానే రోడ్డు పక్కన పొలంలో ముక్కు కిందికి పెట్టి పాతిన పది కాడిలాక్ కార్లు కనిపించాయి. బండి ఆపలేదు. ఆపితే గడియారం నడుస్తుంది.

ఆ గడియారం గురించి చెప్పాలి. డ్రైవరు పని మొదలుపెట్టిన క్షణం నుంచి 14 గంటలు. అందులో 11 గంటలే నడపాలి. 8 గంటలు నడిపితే అరగంట విరామం. రోజు పని ముగిశాక వరుసగా 10 గంటల విశ్రాంతి. ఎనిమిది రోజుల్లో 70 గంటలకు మించి పనిచేసి నడపకూడదు. ఇదంతా ఇంజనుకు తగిలించిన పరికరం రాసుకుంటుంది. ఒకప్పుడు కాగితం మీద రాసేవారు, కాగితానికి కాస్త జాలి ఉండేది. 2017 డిసెంబరు నుంచి ఈ పరికరం తప్పనిసరి అయింది.

న్యూమెక్సికోలో గంటకు 75 మైళ్లు పోవచ్చు. బావ 62 దాటరు. ప్రతి బండీ మమ్మల్ని దాటిపోతోంది. నాకు చిన్నతనంగా అనిపించింది. "65 దాటాక పెంచే ప్రతి మైలూ డీజిలు తాగుతుంది. నాకు ఇచ్చేది మైలుకు, గంటకు కాదు" అన్నారు.

ఈ దారిలో చాలాచోట్ల రైలు పట్టాలు పక్కనే ఉంటాయి. ఒకదాని మీద ఒకటి పేర్చిన కంటెయినర్లతో మైళ్ల పొడవున గూడ్సు రైళ్లు లాస్ ఏంజెలస్ నుంచి తూర్పుకు పోతుంటాయి. తొందర లేని సరుకును అవి ట్రక్కు కంటే చవకగా మోసుకుపోతాయి. బావ ఒక్కో రైలును చూసి పెట్టెలు లెక్కపెట్టడం మొదలుపెట్టి, మధ్యలో వదిలేసి, "అవన్నీ మన లోడులే" అంటారు.

గాలప్ దగ్గర టీ తాగుతూ, ఇంత పోటీ ఎక్కడి నుంచి వచ్చిందని అడిగాను. 1980 వరకు ఏ సంస్థ ఏ దారిలో ఏ సరుకు తోలాలో ప్రభుత్వ కమిషన్ నిర్ణయించేది, ధరల మీద కూడా అదుపు ఉండేది. 1980 జూలై 1న జిమ్మీ కార్టర్ కొత్త చట్టం మీద సంతకం చేశాక తలుపులు తెరుచుకున్నాయి. ఆ తలుపు నుంచే బావ వచ్చారు. ఆయన వెనక ఇంకా చాలామంది వచ్చారు. కిరాయి పెరగగానే వచ్చేస్తారు, పడిపోయాక అప్పు ఉంది కాబట్టి వెంటనే పోలేరు. దాదాపు నూరేళ్ల చరిత్ర ఉన్న యెల్లో అనే ట్రక్కు సంస్థ 2023లో మూతపడినా రోడ్డు మీద బండ్లు తగ్గినట్టు నాకు కనిపించలేదు.

రాత్రికి అరిజోనాలో విన్స్‌లో. రైస్ కుక్కరులో అన్నం, అక్క పెట్టిన పప్పుపొడి.

మూడో రోజు: బుధవారం

కింగ్‌మన్‌లో ట్యాంకులు మళ్లీ నింపుకున్నాం. కాలిఫోర్నియాలో చుక్క కూడా కొనకూడదని పంతం.

అక్కడ ఖర్చయింది డీజిలు డబ్బు ఒక్కటే కాదు, అరగంట కాలం కూడా. అక్క డబ్బాలో కట్టిచ్చిన కరివేపాకు ఉంది. కొలరాడో నది దాటితే నీడిల్స్ దగ్గర వ్యవసాయ తనిఖీ కేంద్రం వస్తుంది. నిమ్మజాతి తోటలను నాశనం చేసే రోగాన్ని మోసుకొచ్చే పురుగు కరివేప మొక్క మీద కూడా బతుకుతుంది. అందుకని ఆ ఆకు మీద ఆంక్షలు ఉన్నాయి. పారేయడానికి బావకు మనసొప్పలేదు. పార్కింగులో చిన్న విద్యుత్ పొయ్యి మీద పోపు పెట్టి ఆకంతా చారులో వేసేశారు. పక్క ట్రక్కు నుంచి ఒక పంజాబీ పెద్దాయన తల బయటపెట్టి, ఏమిటీ వాసన అని హిందీలో అడిగి, ఒక గిన్నె చారు తాగి వెళ్లాడు. తనకు మూడు బండ్లు ఉండేవని, రెండు అమ్మేశానని చెప్పాడు. మిగిలిన ఒకటి అప్పు లేనిదట. "అప్పు లేని బండికి ఒకటిన్నర కూడా కిరాయే" అన్నాడు.

కాలిఫోర్నియాలో ట్రెయిలరు బండికి 55 మైళ్లే. ఎడారి అంతా ఆ నడకతో. రాత్రి బార్‌స్టో.

నాలుగో రోజు: గురువారం

అంటారియోలో సరుకు దించే గోదాము. మాకు ఇచ్చిన సమయం ఉదయం 7. మేము 6:40కి గేటు దగ్గర ఉన్నాం.

7:30కి 32వ తలుపుకు బండి ఆనించమన్నారు. తొమ్మిదికి వెళ్లి అడిగితే, పిలుస్తాం అన్నారు. పదకొండుకు భోజన విరామం. పన్నెండుకు షిఫ్టు మారింది. ట్రెయిలరులో ఎవరైనా తిరిగితే బండి కాస్త ఊగుతుంది. ఆ ఊపు కోసం మేమిద్దరం సీట్లలో కదలకుండా కూర్చున్నాం, రోగి ఊపిరి గమనించినట్టు. దించడం అయిందని చెప్పే ఆకుపచ్చ దీపం వెలిగేసరికి 1:30.

ఆరున్నర గంటలు. మొదటి రెండు గంటల నిరీక్షణ ఉచితం, అది ఈ వ్యాపారంలో ఆచారం. తరువాత గంటకు 50 డాలర్లు, కానీ ఎన్ని గంటలు ఆగినా 150 దాటదని ఒప్పందంలో చిన్న అక్షరాల్లో ఉంది. ఆ 150 కూడా బ్రోకరు ఒప్పుకుంటేనే. బావ రశీదు ఫొటో తీసి పంపారు. 14 గంటల గడియారంలో సగం గోదాము తలుపు దగ్గర కరిగిపోయింది. మైలు కదలలేదు కాబట్టి మైలు లెక్కలో ఈ రోజు అసలు లేనే లేదు. నాకు ఒళ్లు మండింది. కిరాయి తక్కువని తిట్టుకునే వారంతా ముందు ఈ తలుపులను తిట్టాలి.

మధ్యాహ్నం నుంచి రిటర్న్ లోడు వేట. 1.70. 1.85. ఒకటి 2.20 ఉంది కానీ సరుకు మూడు చోట్ల దించాలి. బావ వద్దన్నారు. మూడు చోట్లు అంటే మూడు తలుపులు. చైనా సరుకు మీద సుంకం ఆ నెలలోనే 145 శాతానికి చేరింది. వచ్చే నెల ఓడలు తగ్గుతాయని ట్రక్కు స్టాపులో అందరిదీ ఒకటే మాట. ఇప్పుడే దొరికింది పట్టుకోవాలన్న కంగారు వాళ్ల గొంతులో వినిపించింది, బ్రోకర్లకూ వినిపించే ఉంటుంది. సాయంత్రం ఆరింటికి కార్సన్ నుంచి డల్లాస్‌కు 2,950 డాలర్లకు కుదిరింది. 1,440 మైళ్లు. దించేది సోమవారం.

ఐదో రోజు: శుక్రవారం

గుడ్‌ఫ్రైడే. కార్సన్‌కు ఖాళీ 55 మైళ్లు. ఎక్కించింది 41,000 పౌండ్ల గచ్చు పలకలు. ఈసారి బండి నేలకు అంటుకుని నడిచింది. పదో నంబరు రహదారి మీద తూర్పుకు తిరిగి, అరిజోనా సరిహద్దు దాటగానే ఎహ్రెన్‌బర్గ్‌లో డీజిలు. పంతం నెగ్గింది. బావ ముఖంలో ఆ రోజంతటికీ ఒకే ఒక్క చిరునవ్వు, అది పంపు దగ్గర.

ఆరో రోజు: శనివారం

ఫీనిక్స్, టూసాన్, లాస్ క్రూసెస్, ఎల్‌పాసో. చూసింది చూసినట్టు రాద్దామంటే, చూసింది ముందున్న బండి వెనక తలుపే.

సాయంత్రం బావ తనంతట తానే చెప్పారు. ఉద్యోగం మానేసింది డబ్బు కోసం కాదట. ప్రతి సోమవారం ఉదయం జరిగే సమావేశం భరించలేక. "ఇక్కడ ఎవరూ నన్ను ఏం చేస్తున్నావని అడగరు" అన్నారు. నేను నోటుపుస్తకాన్ని సీటు కింద పెట్టేశాను.

ఏడో రోజు: ఆదివారం

ఈస్టర్. ఎల్‌పాసో నుంచి వెదర్‌ఫర్డ్ దాకా పగలంతా నడకే. రాత్రి ట్రక్కు స్టాపులో లెక్క వేశాం. బావ ఏదీ దాచలేదు. అడిగిన ప్రతి కాగితం చూపించారు.

రాబడి: వెళ్లేటప్పుడు 2,050, వచ్చేటప్పుడు 2,950, నిరీక్షణకు 150. మొత్తం 5,150 డాలర్లు. రేపు ఇంటికి వెళ్లే 14 మైళ్లతో కలిపి తిరిగింది 2,920 మైళ్లు, అందులో ఖాళీ 110. ఒప్పందాల్లో మైలుకు రెండు డాలర్ల అయిదు సెంట్లు, ఒకటిన్నర అని కనిపించిన కిరాయి, అన్ని మైళ్లకూ పంచితే 1.76 అయింది.

ఖర్చు: గ్యాలన్‌కు 7.2 మైళ్ల చొప్పున 406 గ్యాలన్ల డీజిలు, సగటున 3.20కి 1,299. బండి అప్పు వాయిదా నెలకు 2,100, బీమా 1,250, ఇక స్థలం అద్దె, పరికరం, లోడుల పట్టిక చందా, ఏటా కట్టే 550 డాలర్ల భారీ వాహన పన్ను, నంబరు ప్లేట్లు అన్నీ కలిపి నెలకు దాదాపు 4,000. నెలకు మూడు ట్రిప్పులు కాబట్టి ఈ ట్రిప్పు వాటా 1,333. టైర్లు, మరమ్మతుల కోసం మైలుకు 20 సెంట్లు పక్కన పెడతారు, అది 584. బ్రోకరు డబ్బు ఇవ్వడానికి నెల దాటుతుంది కనుక, బిల్లు చూపించి మర్నాడే డబ్బు ఇచ్చే సంస్థకు నూటికి 3 చొప్పున 155. తూకం, స్నానం, తిండి 92. మొత్తం 3,463.

మిగిలింది 1,687.

నాకు సంతోషం వేసింది. ఎనిమిది రోజులకు 1,687 అంటే అక్కకు చెప్పుకోదగ్గ మాటే. నెలకు మూడు అంటే 5,000 పైన. స్వయం ఉపాధి పన్ను, ఆరోగ్య బీమా ఇంకా తీయలేదు, అయినా బండి నష్టంలో మాత్రం లేదు.

అప్పుడు గుర్తొచ్చింది, మొదటి రోజు ఆయన అన్న మాట.

"బావా, ఇదే బండి వేరేవాళ్లదైతే, మీరు జీతానికి నడిపితే ఎంత ఇస్తారు?"

"మైలుకు 55 సెంట్లు ఇస్తారు."

2,920 మైళ్లకు 1,606 డాలర్లు. మిగిలిన దానిలోంచి అది తీస్తే 81. అప్పు, బీమా, గాలి, తలుపు, రాత్రి బ్రోకరుతో బేరం, ఇవన్నీ నెత్తిన పెట్టుకున్నందుకు యజమానికి మిగిలింది 81 డాలర్లు. మిగతాదంతా డ్రైవరు కూలి. ఆ డ్రైవరు యజమానిని కూలి అడగడు కాబట్టి ఈ కిరాయి గిట్టుబాటు అవుతోంది.

బావ ఆ అంకెను చాలాసేపు చూశారు. "81 ఉంది కదా" అన్నారు.

ఎనిమిదో రోజు: సోమవారం

ఉదయం ఎనిమిదికి సరుకు దించేశారు, నలభై నిమిషాల్లో. ఇలాంటి తలుపులూ ఉన్నాయి.

ఇంటికి వస్తుండగా ఫోనులో సందేశం. నిరీక్షణ డబ్బు మంజూరు కాలేదు. గోదాము రశీదు మీద లోపలికి వచ్చిన సమయం ఉంది, బయటికి వెళ్లిన సమయం రాయలేదట. రాయవలసింది గోదాము గుమాస్తా. బావ తిట్టలేదు. నేనే లెక్క సరిదిద్దాను. 150 పోయింది, దాని మీద నూటికి మూడు తగ్గింది. 81 మిగులు కాస్తా 64.50 లోటు అయింది.

నాన్నకు ఫోను చేసి ఖాళీ 110 మైళ్లని చెప్పాను. "నాలుగు శాతం కూడా లేదు, చాలా తక్కువ. అంత నడిపి ఇంకేం కావాలి?" అని మెచ్చుకున్నారు. తలుపు దగ్గర ఆరున్నర గంటలు ఆగామని చెప్పాక కాసేపు మాట్లాడలేదు. "అదీ ఖాళీయే రా" అన్నారు.

అక్క గుమ్మంలోనే అడిగింది. నోటుపుస్తకం చేతికిచ్చాను. ఆఖరి పేజీ చూసి, ఆయనను ఏమీ అనకుండా, బండి అప్పు ఎన్నాళ్లు ఉందని అడిగింది. ఏడు నెలలు, నవంబరుతో అయిపోతుందని బావ చెప్పారు. ఆ వాయిదా లేకపోతే ఒక్కో ట్రిప్పుకు 700 డాలర్ల ఖర్చు తగ్గుతుంది. కింగ్‌మన్‌లో చారు తాగిన పెద్దాయన చెప్పింది ఆ 700 గురించే.

సాయంత్రం మళ్లీ బండి దగ్గరికి వెళ్లాం. బావ మోకాళ్ల మీద కూర్చుని ముందు టైరు గాడిలో కొలబద్ద పెట్టారు. అంగుళాన్ని 32 భాగాలు చేస్తే ముందు టైర్లకు కనీసం 4 భాగాల లోతు ఉండాలని చట్టం. కుడివైపు 7 ఉంది. ఎడమవైపు 6.

"నవంబరు దాకా వస్తాయా?" అన్నాను.

ఆయన ఎడమ టైరును ఇంకోచోట కొలిచారు.